కొవాల్స్కీ పరిశోధన మీద సెమినార్: ఏ పేపర్లు చెప్పాలి, ఏవి వదిలేయాలి? (పైగా నా ప్రోలాగ్ ఆగట్లేదు)

సెమినార్_కష్టాలు
వచ్చే నెల మా రీడింగ్ గ్రూపులో, లాజిక్ ప్రోగ్రామింగ్‌కి పునాది వేసినవాళ్ళలో ఒకడైన రాబర్ట్ కొవాల్స్కీ పరిశోధన గురించి 40 నిమిషాలు మాట్లాడాలి. పుట్టింది 1941లో అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్, పీహెచ్‌డీ 1970లో ఎడిన్‌బరో, 1975లో లండన్ ఇంపీరియల్ కాలేజీ, 1999లో రిటైర్మెంట్. ఇలా బయోడేటా చదివితే జనం ఫోన్లు తీస్తారు. ఒక్క దారం పట్టుకుని చెప్పాలి. ఏ పేపర్లు తప్పనిసరి?

ఇంకోటి. డెమో కోసం ప్రోలాగ్‌లో (వాస్తవాలు, నియమాలు రాసిపెట్టి ప్రశ్నలడిగే భాష) తెలుగు పేర్లతో రాద్దామని కూర్చుంటే మొదటి ప్రోగ్రామే మొండికేసింది. ('తల :- షరతులు' అంటే షరతులు నిజమైతే తల నిజం. _తో మొదలయ్యేవి వేరియబుల్స్.)

వియ్యంకుడు(రామయ్య, సోమయ్య).
వియ్యంకుడు(_అ, _ఆ) :- వియ్యంకుడు(_ఆ, _అ).

వియ్యంకుడు(సోమయ్య, _ఎవరు) అంటే రామయ్య వస్తున్నాడు. ఇంకో జవాబు కోసం సెమికోలన్ నొక్కితే మళ్ళీ రామయ్య. ఇంకోసారి నొక్కితే మళ్ళీ ఆయనే. వియ్యంకుడు(సోమయ్య, భీమయ్య) అని అడిగితే అవుననీ అనదు, కాదనీ అనదు. నేను రాసినదాంట్లో తప్పేముంది?

కట్_చేసేవాడు
వియ్యంకుడు కదా, ఒక్కసారి పిలిస్తే పదిసార్లు వస్తాడు.

హార్న్_వాక్యం
రాసిన మాటలో తప్పు లేదు. దాన్ని నడిపించే తీరులో ఉంది. కొవాల్స్కీ 1979 పేపర్ 'అల్గారిథమ్ = లాజిక్ + కంట్రోల్' చెప్పేది సరిగ్గా ఇదే, కాబట్టి ఈ బగ్‌తోనే సెమినార్ మొదలుపెట్టండి.

ప్రోలాగ్ క్లాజులను (ఒక్కో వాస్తవం లేదా నియమం) పైనుంచి కిందికి, గోల్స్‌ను (నిరూపించాల్సిన షరతులు) ఎడమ నుంచి కుడికి తీసుకుంటుంది. (సోమయ్య, భీమయ్య) అడిగితే మొదటి క్లాజు కుదరదు. రెండోది పట్టుకుని (భీమయ్య, సోమయ్య) అడుగుతుంది. అదీ మొదటి క్లాజుతో కుదరదు, మళ్ళీ (సోమయ్య, భీమయ్య). గానుగెద్దు తిరుగుడు.

మందు రెండు రకాలు.
ఒకటి, వాస్తవానికి వేరే పేరు పెట్టడం:

వియ్యం_కలిసింది(రామయ్య, సోమయ్య).
వియ్యంకుడు(_అ, _ఆ) :- వియ్యం_కలిసింది(_అ, _ఆ).
వియ్యంకుడు(_అ, _ఆ) :- వియ్యం_కలిసింది(_ఆ, _అ).

రెండు, మీ పాత కోడ్‌నే ఉంచి ఫైల్ మొదట్లో వియ్యంకుడు/2 కి (అంటే రెండు ఆర్గ్యుమెంట్ల వియ్యంకుడికి) టేబుల్ డైరెక్టివ్, అంటే జవాబుల్ని దాచుకోమనే ఆదేశం, పెట్టడం. టేబుల్ అన్న మాట మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఉండాలి, దాన్ని తెలుగులో రాస్తే ఇంకో ప్రెడికేట్ (వియ్యంకుడు లాంటి సంబంధం పేరు) అనుకుంటుంది.

సెమినార్_కష్టాలు
టేబుల్ పెట్టగానే ఆగింది! రామయ్య ఒక్కసారే వచ్చాడు. కానీ ముందు అంతసేపు తిరిగినా స్టాక్ నిండిందని ఎర్రర్ ఎందుకు రాలేదు? నేను వాడే స్విప్రోలాగ్‌కి 1 జీబీ హద్దు ఉంటుందని చదివాను.

బ్యాక్‌ట్రాకింగ్_బాబాయి
ఆ హద్దు ఉంది, 64 బిట్ మెషీన్లలో డిఫాల్ట్‌గా అంతే. కానీ మీ రికర్సివ్ కాల్ ఆఖరి క్లాజులో ఆఖరి గోల్. మొదటి ఆర్గ్యుమెంట్ ఇండెక్సింగ్ (మొదటి విలువ చూసి కుదరని క్లాజుల్ని ముందే వదిలేయడం) వల్ల ఆ ప్రశ్నకి వెనక్కి రావాల్సిన చోటు ఏదీ మిగల్లేదు. అప్పుడు పాత ఫ్రేమునే మళ్ళీ వాడుకుంటుంది. స్టాక్ పెరగదు, ఎర్రర్ రాదు, ఫ్యాన్ మాత్రం మోగుతుంది. ఆ రికర్సివ్ కాల్ తర్వాత ఇంకో గోల్ ఏదైనా పెట్టి చూడండి, అప్పుడు నిండుతుంది.

తర్కశాస్త్రి
ఇంకో అడుగు లోపలికి వెళ్తే 1976లో వాన్ ఎండెన్, కొవాల్స్కీ కలిసి రాసిన పేపర్ దొరుకుతుంది. ప్రోగ్రామ్ అర్థాన్ని కింద నుంచి పైకి కట్టే పద్ధతి అది. ఖాళీ సంచితో మొదలుపెట్టు. ఏ క్లాజు షరతులన్నీ సంచిలో ఉన్నాయో దాని తలను సంచిలో వేయి. కొత్తది ఏదీ పడనప్పుడు ఆపు.

వియ్యంకుడికి పెట్టి చూడండి. 1వ రౌండు: (రామయ్య, సోమయ్య). 2వ రౌండు: (సోమయ్య, రామయ్య). 3వ రౌండు: కొత్తది లేదు. అయిపోయింది. సంచిలో ఉన్న ఆ రెండే ప్రోగ్రామ్ అర్థం. (సోమయ్య, భీమయ్య) అందులో లేదు, అంటే జవాబు 'కాదు'. అర్థం రెండే రెండు వాస్తవాలంత చిన్నది, వెతుకులాట మాత్రం అనంతం. డేటాలాగ్ (డేటాబేస్ ప్రశ్నల కోసం ప్రోలాగ్‌ని కుదించిన భాష) ఇంజన్లు నడిచేది ఈ లెక్క మీదే. టేబులింగ్ మాత్రం పైనుంచి అడుగుతూనే, వచ్చిన జవాబుల్ని దాచుకుని ఇదే సంచి దగ్గరికి చేరుతుంది.

మీరు దారం అన్నారు కదా, నా లెక్కలో దారం ఇది: ఒకే వాక్యాన్ని నిజంగానూ చదవొచ్చు, పనిగానూ చదవొచ్చు. ఆ రెండు చదువులు ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి అన్నదే ఆయన యాభై ఏళ్ళ పని.

వరంగల్_వేరియబుల్
సింపుల్‌గా 'ప్రోలాగ్ పితామహుడు' అని స్లైడ్ వేసేస్తే సరిపోదా?

హార్న్_వాక్యం
వేయకండి, ప్రశ్నోత్తరాల్లో పట్టుకుంటారు. ప్రోలాగ్ భాషని కట్టింది మార్సేలో అలెన్ కోల్మెరార్, ఫిలిప్ రూసెల్, 1972లో. పేరు సూచించింది రూసెల్ భార్య. కోల్మెరార్ అంతకుముందు మాంట్రియల్‌లో యంత్రానువాదం చేశాడు, ఆయనకి కావాల్సింది ఫ్రెంచి వాక్యాల్ని అర్థం చేసుకునే ప్రోగ్రామ్. కొవాల్స్కీ 1971 వేసవిలో ఎడిన్‌బరో నుంచి మార్సే వెళ్ళాడు. ఆయన పట్టుకెళ్ళిన సరుకు వేరు: సిద్ధాంతాలు రుజువు చేసే పద్ధతి.

తర్కశాస్త్రి
ఆ సరుకేంటో కూడా చెప్పాలి. రాబిన్సన్ 1965 రిజల్యూషన్‌లో (రెండు క్లాజుల్ని కలిపి కొత్తది రాబట్టే రుజువు పద్ధతి) ఏ రెండు క్లాజుల్నైనా కలపొచ్చు. నాలుగు అడుగులు వేసేసరికి పనికిరాని క్లాజులు వేలల్లో పుట్టుకొస్తాయి. 1971లో కొవాల్స్కీ, కుహ్నర్ ఇచ్చిన ఎస్ఎల్ రిజల్యూషన్‌లో ఎప్పుడూ ఇప్పుడే వచ్చిన క్లాజు మీదే పని, అందులోనూ ఎంచుకున్న ఒక్క లిటరల్ (క్లాజులోని ఒక్క ముక్క) మీదే. దాన్ని హార్న్ క్లాజులకి (ఒకటికి మించి తల లేని క్లాజులు) కుదిస్తే, అది అచ్చంగా ప్రొసీజర్ కాల్‌లా కనిపిస్తుంది. తల అంటే ప్రొసీజర్ పేరు, ఒళ్ళు అంటే లోపల పిలిచే ప్రొసీజర్లు, యూనిఫికేషన్ (రెండు పదాల్ని సరిపోల్చి ఒకటి చేయడం) అంటే ఆర్గ్యుమెంట్లు పంపడం. ఈ చదువే ఆయన సొంత ముద్ర, 1974లో ఐఫిప్ (అంతర్జాతీయ కంప్యూటింగ్ సమాఖ్య) కాంగ్రెస్‌లో ఇచ్చిన పేపర్ ఇదే.

కట్_చేసేవాడు
దాన్ని వేగంగా పరిగెత్తించింది డేవిడ్ హెచ్. డి. వారెన్. డెక్-10 కంప్యూటర్ మీద ప్రోలాగ్ కంపైలర్ 1977, ఆయన పేరు మీద నడుస్తున్న అబ్‌స్ట్రాక్ట్ మెషీన్ 1983. కోల్మెరార్, కొవాల్స్కీ, వారెన్ ముగ్గురికీ తలో స్లైడు వేయండి, గొడవ వదిలిపోతుంది.

వరంగల్_వేరియబుల్
సరే. కానీ ఇదంతా జపాన్ ఐదో తరం (లాజిక్‌తో నడిచే కంప్యూటర్ల) ప్రాజెక్టుతో పాటు మునిగిపోయింది కదా? 1982 నుంచి 1992 దాకా పదేళ్ళు పెట్టి చివరికి చేతికి ఏం వచ్చింది?

బ్యాక్‌ట్రాకింగ్_బాబాయి
మునిగింది ప్రత్యేక యంత్రాల లెక్క. వాళ్ళు ప్రోలాగ్‌ని సమాంతరంగా నడపాలనుకుని గార్డెడ్ హార్న్ క్లాజులు, అక్కణ్ణుంచి కేఎల్1 భాషకి వెళ్ళారు. అందులో ఒక క్లాజు గార్డు (ముందుండే పరీక్ష) దాటితే ఇక వెనక్కి రావడం లేదు, మిగతా దారులు అక్కడికక్కడే మూత. సమాంతరత వచ్చింది, వెతుకులాట పోయింది. అంటే పై పోస్టులో చెప్పిన 'నిజంగా చదవడం' చాలామటుకు పోయింది. ఈలోపు మామూలు ప్రాసెసర్లు వేగం పుంజుకుని ప్రత్యేక యంత్రాలకున్న ఆధిక్యాన్ని తినేశాయి.

అదే కాలంలో ఇంపీరియల్‌లో కొవాల్స్కీ వాళ్ళు చేసింది చిన్న మైక్రోకంప్యూటర్ల మీద. స్కూలు పిల్లలకి మైక్రో-ప్రోలాగ్ నేర్పారు. 1981 నాటి బ్రిటిష్ జాతీయతా చట్టాన్ని క్లాజులుగా రాశారు. రెండు కథలూ కలపకండి.

వరంగల్_వేరియబుల్
కలపలేదండీ, అడిగాను. అయినా పదేళ్ళ హైప్ తర్వాత 'లాజిక్' అంటే నిధులిచ్చేవాళ్ళు మొహం తిప్పుకున్నారన్నది నిజమే కదా. దాన్ని స్లైడులో దాచడం ఎందుకు?

బ్యాక్‌ట్రాకింగ్_బాబాయి
దాచమనలేదు. కారణం సరిగ్గా చెప్పమన్నాను.

సెమినార్_కష్టాలు
చట్టం డెమో బాగుంటుంది అనిపిస్తోంది. 1(1) సెక్షన్ ఇలా రాశాను. అమలు తేదీ 1983 జనవరి 1.

పౌరుడు(_వ) :- పుట్టాడు(_వ, యూకే), అమలు_తర్వాత_పుట్టాడు(_వ), తల్లి_లేదా_తండ్రి(_త, _వ), పౌరుడు(_త).
పౌరుడు(_వ) :- పుట్టాడు(_వ, యూకే), అమలు_తర్వాత_పుట్టాడు(_వ), తల్లి_లేదా_తండ్రి(_త, _వ), స్థిరనివాసి(_త).

హార్న్_వాక్యం
కాలం ఎక్కడ? సెక్షన్‌లో 'పుట్టిన సమయానికి' తల్లో తండ్రో పౌరులుగానో, స్థిరపడినవాళ్ళుగానో ఉండాలి అని ఉంది. మీ కోడ్ ప్రకారం బిడ్డ పుట్టిన పదేళ్ళకి తల్లి పౌరురాలైతే బిడ్డా పౌరుడైపోతాడు. 1986 పేపర్‌లో సెర్గాట్, సద్రి, కొవాల్స్కీ వాళ్ళు పౌరసత్వాన్ని వ్యక్తి, తేదీ, ఏ సెక్షన్ కింద అన్న మూడింటితో రాశారు. మూడోది ఉంటే పౌరసత్వం ఏ సెక్షన్ కింద వచ్చిందో కూడా జవాబులో కనిపిస్తుంది.

ఇంకోటి, 'పొందడం' వేరు, 'కలిగి ఉండటం' వేరు. పొందాక వదులుకోవచ్చు. రెండూ ఒకే ప్రెడికేట్‌లో కుక్కితే తర్వాత విడదీయలేక చస్తారు.

తర్కశాస్త్రి
అదే 1986లో కొవాల్స్కీ, సెర్గాట్ ఈవెంట్ కాల్క్యులస్ వచ్చింది: ఏ ఘటనతో ఏ స్థితి మొదలైంది, ఎప్పుడు ముగిసింది అని లెక్క కట్టే పద్ధతి. దాని పలచటి రూపం (\+ అంటే 'నిరూపించలేకపోతే'):

ఉంది(_స్థితి, _కాలం) :- జరిగింది(_ఘటన, _ముందు), _ముందు < _కాలం, మొదలు(_ఘటన, _స్థితి), \+ తెగింది(_ముందు, _స్థితి, _కాలం).
తెగింది(_ముందు, _స్థితి, _కాలం) :- జరిగింది(_ఘటన, _మధ్య), _ముందు < _మధ్య, _మధ్య < _కాలం, ముగింపు(_ఘటన, _స్థితి).

తేదీల్ని 19830101 లాంటి అంకెలుగా ఇవ్వండి, పోలిక సరిపోతుంది. రెండు జాగ్రత్తలు. _కాలం ఖాళీగా వదిలి 'ఎప్పుడు ఉంది?' అని అడిగితే < దగ్గర ఇన్‌స్టాన్షియేషన్ ఎర్రర్ (విలువ లేదన్న ఫిర్యాదు) వస్తుంది. ఇది కావాలంటే కంస్ట్రెయింట్ లైబ్రరీ పెట్టుకోవాలి. రెండోది సరిహద్దు: తల్లి నమోదు, బిడ్డ పుట్టుక ఒకే రోజైతే < దెబ్బకి ఆ రోజు తల్లి పౌరురాలు కాదు. రోజు కన్నా చిన్న కొలత కావాలి, లేదా <= కావాలి. చట్టం ఏమంటుందో చదివి ఎంచుకోండి, కోడ్‌కి తోచింది వద్దు. అన్నట్టు ప్రోలాగ్‌లో 'తక్కువ లేదా సమానం' =< అని రాయాలి, తిప్పి రాస్తే సింటాక్స్ ఎర్రర్.

కట్_చేసేవాడు
ఆ బాణం గుర్తు తిరగేసి రాయనివాడు ప్రోలాగ్ రాయనట్టే.

సెమినార్_కష్టాలు
ఇంకో చిక్కు. పౌరులు కానివాళ్ళ జాబితా కోసం ఇలా రాశాను:

విదేశీ(_వ) :- \+ పౌరుడు(_వ), వ్యక్తి(_వ).

విదేశీ(_ఎవరు) అంటే ఎవరూ లేరంటోంది. డేటాలో ముగ్గురున్నారు, ఇద్దరు పౌరులు.

స్టేబుల్_మోడల్
గోల్స్ తారుమారు చేయండి. వ్యక్తి(_వ) ముందు, \+ తర్వాత. \+ అంటే 'కాదు' అని కాదు, 'నిరూపించలేకపోయాను' అని. _వ ఖాళీగా ఉన్నప్పుడు అది అడిగేది 'పౌరుడు ఒక్కడైనా ఉన్నాడా?' అని. ఇద్దరున్నారు కాబట్టి నిరూపించేసింది, కాబట్టి \+ ఫెయిల్, కాబట్టి జాబితా ఖాళీ. ఎర్రర్ కూడా ఇవ్వదు, అదే ప్రమాదం. దీనికి అర్థం చెప్పినవాడు కీత్ క్లార్క్, 1978లో. క్లాజుల్ని 'అయితే' నుంచి 'అయితేనే'కి పూర్తి చేసి చదవాలన్నాడు.

క్లార్క్ దగ్గర ఆగకండి. పి :- \+ పి లాంటివి వచ్చినప్పుడు ఆ చదువు కుప్పకూలుతుంది. 1988లో గెల్ఫాండ్, లిఫ్‌షిట్జ్ స్టేబుల్ మోడల్స్ ఇచ్చారు, అంటే ప్రోగ్రామ్ తనతో తాను పొసిగేలా నిజమనుకోగల వాస్తవాల సంచులు. 'క్యూ నిరూపణ కాకపోతే పి, పి నిరూపణ కాకపోతే క్యూ' అన్న జంటకి రెండు మోడల్స్, పి :- \+ పి కి ఒక్కటీ లేదు. వెల్-ఫౌండెడ్ సెమాంటిక్స్ వాళ్ళేమో రెంటికీ 'తేలలేదు' అంటారు. ఇంజన్లలో క్లింగో మొదటి దారి, ఎక్స్ఎస్‌బీ రెండో దారి. స్విప్రోలాగ్‌లో టేబులింగ్ పెడితే రెండో దారే.

తర్కశాస్త్రి
సెమినార్ కొవాల్స్కీ గురించి. స్టేబుల్ మోడల్స్ వేరేవాళ్ళ పని. అటు వెళ్తే 40 నిమిషాలు అక్కడే అయిపోతాయి.

స్టేబుల్_మోడల్
చట్టం డెమోలో 1(2) పెడుతున్నారంటే అటు వెళ్ళక తప్పదు. వదిలేయబడి దొరికిన పసిబిడ్డ, విరుద్ధమని రుజువైతే తప్ప, అర్హత గల తల్లో తండ్రో ఉన్న బిడ్డగా భావించాలి అంటుంది ఆ సెక్షన్. ఆ 'తప్ప' అన్నదే \+. ఈ రోజు పౌరుడు అన్న జవాబు, రేపు రుజువు వచ్చి చేరితే వెనక్కి పోవాలి. మామూలు తర్కంలో కొత్త సమాచారం చేరితే పాత నిర్ణయం పోదు. ఇక్కడ పోవాలి.

తర్కశాస్త్రి
సరే, ఒక స్లైడు. ఒక్కటే.

గుడ్లగూబ_ఓడబ్ల్యూఎల్
సెమాంటిక్ వెబ్ వైపు నుంచి ఒక మాట. ప్రోలాగ్‌లో లేనిది అబద్ధం. ఓడబ్ల్యూఎల్‌లో (వెబ్ కోసం భావనల్ని, సంబంధాల్ని నిర్వచించే ఆంటాలజీ భాష) లేనిది తెలియనిది. అదే పౌరుల డేటాని ఆంటాలజీలో పెట్టి 'ఇతను పౌరుడు కాదా?' అంటే రీజనర్ (దాని మీద తర్కం నడిపే ప్రోగ్రామ్) ఏ పక్షమూ చెప్పదు. మొదటిసారి వాడేవాళ్ళు దీన్ని బగ్ అనుకుంటారు.

అంతకన్నా వింత ఇంకోటి. జన్మస్థలం అన్న ప్రాపర్టీని ఫంక్షనల్ (ఒక్కొక్కరికి ఒకే విలువ) అని ప్రకటించి ఒకే మనిషికి లండన్, లండన్_నగరం అని రెండు ఇచ్చారనుకోండి. తప్పు చూపిస్తుందనుకుంటాం. చూపించదు. రెండూ ఒకటే అని తేల్చేస్తుంది, వేరువేరు అని మీరు ప్రకటిస్తే తప్ప. డేటా సరిగ్గా ఉందో లేదో తనిఖీ చేయడానికి ఓడబ్ల్యూఎల్ వాడకండి, 2017లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ తెచ్చిన షాకిల్ వాడండి.

రెండు లోకాలూ కలిసే నేల కూడా ఉంది. 2003లో గ్రోసోఫ్, హారోక్స్ వాళ్ళు ఓడబ్ల్యూఎల్ వెనకున్న డిస్క్రిప్షన్ లాజిక్‌లో ఏ భాగం హార్న్ నియమాలుగా మారుతుందో గీత గీశారు. 2009లో ఓడబ్ల్యూఎల్ 2 వచ్చినప్పుడు అందులోని ఆర్ఎల్ ప్రొఫైల్ (నియమాలతో నడిపే చిన్న భాగం) ఆ దారిలోనిదే. 'ప్రతి మనిషికీ ఒక తల్లి ఉంటుంది' అని మాత్రం అందులో రాయలేరు, డేటాలో లేని కొత్త మనిషిని నియమం పుట్టించలేదు.

సెమినార్_కష్టాలు
అయితే జాతీయతా చట్టం ప్రోగ్రామ్ ఏ పక్షం? సమాచారం లేకపోతే పౌరుడు కాదు అనేస్తుందా? అది మనిషికి అన్యాయం కదా.

హార్న్_వాక్యం
లేదు, అడిగేది. వాళ్ళు వాడింది ఎపెస్ అన్న సిస్టమ్, ప్రోలాగ్ మీద కట్టింది. డేటాబేస్‌లో లేని విషయం తగిలితే ఫెయిల్ అవ్వకుండా ఎదురుగా కూర్చున్న మనిషిని ప్రశ్న అడుగుతుంది. ఆ మనిషి కూడా డేటాబేస్‌లో భాగమే అన్నది సెర్గాట్ ఆలోచన. డెమోలో ఇది పెట్టడం కష్టం కాదు. ప్రతి ఆధార ప్రెడికేట్‌కి రెండు క్లాజులు: ముందు దాచిన జవాబు చూడు, లేకపోతే అడిగి దాచు. 'అవును'తో పాటు 'కాదు' అన్న జవాబునీ దాచాలి. లేదంటే బ్యాక్‌ట్రాక్ అయిన ప్రతిసారీ అదే ప్రశ్న మళ్ళీ అడిగి మనిషి ప్రాణం తీస్తుంది.

తర్కశాస్త్రి
సరదా సంగతి: 1972 నాటి మార్సే ప్రోగ్రామ్‌కి జాక్ అనే మానసిక వైద్యుడి గురించి ఫ్రెంచిలో వాక్యాలిచ్చి ప్రశ్నలడిగారు. జాక్ మనిషేనా అంటే అవునంది, ఎక్కడున్నాడంటే మార్సేలో అంది, జబ్బు మనిషా అంటే 'తెలియదు' అంది. ప్రోలాగ్ పుట్టిన ఇంట్లోనే గుడ్లగూబ గారి జవాబు ఉంది.

గుడ్లగూబ_ఓడబ్ల్యూఎల్
ఈ ముక్క నా సంతకంలో పెట్టుకుంటున్నా.

వరంగల్_వేరియబుల్
ఇప్పుడు చాట్ మోడల్‌కి చట్టం పేస్ట్ చేస్తే నియమాలు అదే రాసిస్తోంది కదా, ఇంత శ్రమ ఎందుకు?

బ్యాక్‌ట్రాకింగ్_బాబాయి
రాయించండి, కానీ మూడు చోట్ల చూడండి. ఒక పేరాలో పౌరుడు/1, ఇంకో పేరాలో పౌరుడు/2 వాడుతుంది. ప్రోలాగ్‌కి అవి ముక్కూమొహం తెలియని వేర్వేరు ప్రెడికేట్లు. 'తప్ప'ని మామూలు నిషేధంగా రాసేస్తుంది. కాలాన్ని పైన సెమినార్ గారి కోడ్‌లాగే వదిలేస్తుంది. ఎస్-క్యాస్ప్ అనే ఇంజన్‌లో నడిపితే ప్రతి జవాబుకీ కారణాల చెట్టు వస్తుంది, ఆ చెట్టుని చట్టం పక్కన పెట్టుకుని చదివితే తప్పులు చాలావరకు దొరుకుతాయి. కొవాల్స్కీ ఈ మధ్య పెట్టుకున్న లాజికల్ ఇంగ్లీష్ పని కూడా ఇటువైపే: నియమం లాయర్ చదవగలిగే వాక్యంలా ఉండాలి, అదే ప్రోలాగ్‌లా నడవాలి.

కట్_చేసేవాడు
తార్కిక తెలుగు ఎవరైనా చేస్తే ముందు తల, తర్వాత ఒళ్ళు అన్న వరస తిప్పాలి. మనం 'వాన పడితే నేల తడుస్తుంది' అంటాం. షరతు ముందే వచ్చేస్తుంది. ప్రోలాగ్ మనకి తలకిందులు.

సెమినార్_కష్టాలు
ఇదీ వరస అనుకుంటున్నా: వియ్యంకుడి బగ్, 1974, 1976, 1979, తర్వాత చట్టం, ఈవెంట్ కాల్క్యులస్, \+ మీద ఒక్క స్లైడు (శాస్త్రి గారి అనుమతితో). ఆయన 1992 అబ్డక్టివ్ లాజిక్ ప్రోగ్రామింగ్ పేపర్ వదిలేస్తున్నా.

తర్కశాస్త్రి
వదలకండి, ఒక్క వాక్యం చాలు. నేల తడిసి ఉంది, వాన పడితే తడుస్తుంది, కాబట్టి వాన పడి ఉండొచ్చు: జవాబు నుంచి కారణానికి వెనక్కి నడవడం. కాకస్, టోనిలతో రాశారు. పైన కట్_చేసేవాడు ఉదాహరణ కూడా ఇచ్చేశాడు, తెలియకుండా.

సెమినార్_కష్టాలు
చేర్చాను. ఆఖరి సందేహం. 'స్కాట్‌లాండ్' అన్న ఆటమ్ (స్థిరమైన పేరు) రెండు చోట్లా ఒకేలా రాశాను, కోట్స్‌లోనే పెట్టాను, అయినా యూనిఫై కావట్లేదు. స్పెల్లింగ్ పదిసార్లు చూశాను.

బ్యాక్‌ట్రాకింగ్_బాబాయి
ఒక చోట ట్ కి, లా కి మధ్య కనిపించని అక్షరం ఉంటుంది, ఒత్తు పడకుండా కీబోర్డు పెట్టే జీరో విడ్త్ నాన్ జాయినర్. ఇంకోచోట బహుశా వేరే కీబోర్డుతో కొట్టి ఉంటారు. రెండు ఆటమ్‌లకీ పొడవు అడిగి చూడండి, ఒకటి తేడా వస్తుంది. కోట్స్ లేకుండా రాసే పేర్లలో అది అసలే వద్దు.

సెమినార్_కష్టాలు
12, 11. దొరికింది.